ఫార్మ్‌విల్ మోటన్ బడి: హాల్లోనే ఆగిపోకండి

రిచ్‌మండ్ నుంచి గంటంబావు, ఉత్తర వర్జీనియా నుంచి మూడు గంటల పైచిలుకు బండి నడిపి, ఒక పాత ఇటుకల బడిని చూడ్డానికి వెళ్ళాలా? వెళ్ళాలి. కాకపోతే వెళ్ళినవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. మొదటి హాల్లో సమ్మె కథ విని, కళ్ళు తుడుచుకుని, మిగతా గదులు నడక మీద చూసేసి బయటపడతారు. ఈ బడి అసలు సంగతి ఆ మిగతా గదుల్లోనే ఉంది. 1951లో నల్లజాతి పిల్లలు మంచి బడి కోసం సమ్మె చేసి గెలిచిన బడి ఇదని అందరూ చెబుతారు. గెలిచాక ఆ కౌంటీ ఏకంగా బడులన్నీ మూసేసి ఐదేళ్ళు తెరవలేదన్న సంగతి తెలిసి వచ్చేవాళ్ళు తక్కువ.

ఫార్మ్‌విల్ అనగానే ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో టమాటాలు పండించిన ఆట గుర్తొస్తే మీ తప్పేం లేదు. ఇది మాత్రం ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి కేంద్రమైన చిన్న ఊరు. ఒకప్పుడు పొగాకు వ్యాపారం, ఇప్పుడు లాంగ్‌వుడ్ యూనివర్సిటీ దీనికి ఆధారం. ఊరి మెయిన్ స్ట్రీట్ మీద దక్షిణం వైపు వెళ్తే గ్రిఫిన్ బౌలెవార్డ్ కలిసే మూలన ఈ ఒంటి అంతస్తు ఎర్ర ఇటుకల భవనం కనిపిస్తుంది. పేరు రాబర్ట్ రస్సా మోటన్ మ్యూజియం. మోటన్ ఈ కౌంటీలోనే పెరిగిన మనిషి, నల్లజాతివాళ్ళ చదువుకు పేరుపడ్డ టస్కెగీ విద్యాసంస్థలో బుకర్ టి. వాషింగ్టన్ తర్వాత ఆ పీఠం ఎక్కినవాడు. 1939లో కట్టిన ఈ నల్లజాతి పిల్లల హైస్కూలుకు ఆయన పేరు పెట్టారు. 1995 దాకా ఏదో ఒక రూపంలో బడిగానే నడిచింది. దాన్ని అమ్మేస్తారనో కూల్చేస్తారనో అనుకుంటున్న రోజుల్లో మార్తా ఫారెస్టర్ పేరిట ఉన్న స్థానిక మహిళా మండలి పట్టుబట్టి కాపాడింది. 1998లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపొచ్చింది. 2001లో, సమ్మెకు యాభై ఏళ్ళు నిండిన ఏడాది, మ్యూజియంగా తెరిచారు. బడుల్లో జాతి విభజన చెల్లదని తేల్చిన సుప్రీం కోర్టు కేసు పేరిట కాన్సస్‌లో ఉన్న బ్రౌన్ వర్సెస్ బోర్డ్ జాతీయ పార్కుకు 2022 నుంచి ఇది అనుబంధ స్థలం కూడా.

ముందు భవనాన్ని బయట నుంచి ఒకసారి చూడండి, తలుపు తీసుకుని నేరుగా లోపలికి పోకండి. నడి మధ్యన హాలు, దాని చుట్టూ యూ ఆకారంలో ఎనిమిది తరగతి గదులు, ఒక ఆఫీసు. అంతే బడి. జిమ్ లేదు, భోజనశాల లేదు, ప్రయోగశాల అనదగ్గది లేదు. కట్టింది 180 మందికి. 1951 నాటికి చదువుతున్నవాళ్ళు 450 పైనే. ఎనిమిది గదులకు సర్ది చూడండి: గదికి ఇరవై ఇద్దరో ముగ్గురో ఉండాల్సిన చోట యాభై ఆరు మంది పడతారు. అందుకే హాల్లో ఒకేసారి రెండు మూడు తరగతులు నడిచేవి, ఒకటి స్టేజీ మీద, ఒకటి కింద. ఆగి ఉన్న స్కూలు బస్సులో కూడా పాఠం చెప్పారు. బయట నుంచి భవనం పొడవు ఒకసారి కొలుచుకుంటే తప్ప లోపల ఈ అంకెలు బుర్రకెక్కవు.

ఆ రద్దీకి కౌంటీ చూపించిన పరిష్కారమే తారు కాగితం షెడ్లు. 1940ల చివర్లో బడి ఆవరణలో చెక్క చట్రాలు నిలబెట్టి, పైన తారు కాగితం కొట్టి మూడు తాత్కాలిక గదులు లేపారు. దారిన పోయేవాళ్ళు వాటిని కోళ్ళ గూళ్ళనుకునేవాళ్ళట. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ తారు కాగితం అమెరికాలో సొంతిల్లున్న తెలుగువాళ్ళందరికీ తెలిసిన సరుకే, పేరు గుర్తుపట్టరంతే. వడగళ్ళ వాన పడ్డాక ఇన్సూరెన్సు వాడితో తగువులాడి రూఫు మార్పించుకున్నప్పుడు, పాత షింగిల్స్ పీకేశాక పలకల మీద నల్లటి చుట్టలు పరుస్తారే, అదే జాతి. తారులో నానబెట్టిన మందపాటి ఫెల్టు. దాని పని షింగిల్స్ కింద రెండో రక్షణగా ఉండటం. అంతేగాని తనంత తాను ఎండకీ వానకీ ఎదురు నిలబడటం కాదు. ఎండ తగిలితే నూనె ఆరిపోయి పెళుసుబారుతుంది. గాలి లేపినప్పుడల్లా మేకు కొట్టిన చోట చిరుగు పెద్దదవుతుంది. అక్కణ్ణుంచే నీళ్ళు దిగుతాయి. ఇప్పటి కాంట్రాక్టరు ఎవరైనా దాన్ని నెలల తరబడి పై కప్పు లేకుండా వదిలేస్తే మీరు ఊరుకోరు. ఇక్కడ పిల్లలను ఏళ్ళ తరబడి అలాంటి దాని కింద కూర్చోబెట్టారు. వానొస్తే గదిలో గొడుగులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. చలికాలంలో గదికొక పొయ్యి, పక్కనున్నవాడికి ఒళ్ళు మాడేది, మూలనున్నవాడు కోటు విప్పేవాడు కాదు. షెడ్ల గురించి రాసిన పలకల దగ్గర పిల్లలకి ఈ రూఫు సంగతి చెప్పి చూడండి. ‘అన్యాయం’ అన్న మాట కంటే మేకు చుట్టూ చిరిగిన కన్నం తొందరగా అర్థమవుతుంది.

ఇక హాలు. ప్రదర్శన మొదలయ్యేది ఇక్కడే, సినిమా నడిచేదీ ఇక్కడే. మ్యూజియాల్లో మామూలుగా ఎక్కడో జరిగినదాన్ని ఇంకెక్కడో అద్దాల వెనక పెట్టి చూపిస్తారు. ఇక్కడ మీరు కూర్చున్నదే ఆ చోటు. 1951 ఏప్రిల్ 23, సోమవారం. బార్బరా జాన్స్ వయసు పదహారు. తెల్లవాళ్ళ బడికీ తమ బడికీ ఉన్న తేడా గురించి సంగీతం టీచరు ఇనెజ్ డావెన్‌పోర్ట్ దగ్గర వాపోతే, మరి నువ్వే ఏదైనా చెయ్యరాదా అందట ఆవిడ. ఆ మాట పట్టుకుని నెలల తరబడి నమ్మకమైన కొద్దిమంది విద్యార్థులతో కలిసి పథకం వేసింది. ఆ పథకంలో ఒక్కో మెట్టూ గమనించదగ్గది. ముందు ప్రిన్సిపాల్ బాయిడ్ జోన్స్‌ను బడి నుంచి బయటికి పంపాలి. మన పిల్లలు ఊళ్ళో బస్ స్టేషన్ దగ్గర పోలీసుల చేతిలో చిక్కుకున్నారని ఫోను కొట్టించారు, ఆయన పరిగెత్తాడు. తర్వాత, అందరూ హాలుకు రావాలని టీచర్లకు చీటీలు వెళ్ళాయి. కింద ప్రిన్సిపాల్ వాడే పొడి సంతకం, ఒక్క అక్షరం: ‘జె’. జోన్స్‌కైనా జాన్స్‌కైనా మొదటి అక్షరం అదే కదా, ఫోర్జరీ అనడానికి కూడా నోరు రాదు. అందరూ వచ్చి కూర్చున్నాక తెర లేచింది. స్టేజీ మీద ప్రిన్సిపాల్ లేడు, బార్బరా ఉంది. టీచర్లను బయటికి వెళ్ళమంది. కొందరు లేచి అడ్డుపడబోతే కాలి బూటు తీసి బల్ల మీద కొట్టిందని ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు చెబుతారు. అందరం కలిసి నడిస్తే ఫార్మ్‌విల్ జైలు సరిపోదని కూడా అంది.

టీచర్లను పంపించేయడం తలపొగరు కాదు. వాళ్ళు అక్కడే ఉండుంటే సమ్మెలో చేయి ఉందని ఉద్యోగాలు పోయేవి. అంత జాగ్రత్త తీసుకున్నా కౌంటీ ఆ తర్వాత జోన్స్‌ను ప్రిన్సిపాల్‌గా కొనసాగించలేదు. సినిమా చూస్తున్నప్పుడు పిల్లలకి ఈ ముక్క విడిగా చెప్పాల్సి వస్తుంది, లేకపోతే బూటు మీదే దృష్టి ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ రోజు వీళ్ళు అడిగింది తెల్లపిల్లలతో కలిసి చదువుకుంటామని కాదు, మాకూ మంచి బడి కట్టమని. రిచ్‌మండ్‌లో నల్లజాతివాళ్ళ హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌లకు ఉత్తరం రాశారు. వాళ్ళిద్దరూ రెండు రోజుల్లో ఫార్మ్‌విల్ వచ్చి, మెయిన్ స్ట్రీట్ మీద ఉన్న ఫస్ట్ బాప్టిస్ట్ చర్చిలో పిల్లలను కలిశారు. నిజానికి వద్దని నచ్చజెప్పి పంపేద్దామనే వచ్చారు. పిల్లల పట్టు చూశాక ఒక్క షరతు పెట్టారు: కొత్త భవనం కోసమైతే మేం రాం, వేరు వేరు బడులన్న పద్ధతి మీదే కేసు వేస్తామంటే వస్తాం. రెండు వారాల సమ్మె మే 7న ముగిసింది, కేసు మే 23న పడింది. 117 మంది విద్యార్థులు, జాబితాలో మొదటి పేరు తొమ్మిదో తరగతి చదివే డొరొతీ డేవిస్‌ది, అందుకే డేవిస్ కేసు అంటారు. కింది కోర్టులో 1952లో ఓడిపోయారు. సుప్రీం కోర్టులో కాన్సస్, సౌత్ కరొలైనా, డెలావేర్, వాషింగ్టన్ కేసులతో కలిపి విన్నారు. 1954 మే 17న, జాతిని బట్టి వేరు వేరు బడులు చెల్లవన్న బ్రౌన్ తీర్పు వచ్చింది. ఆ కేసులన్నిట్లో ఉన్న వాదుల్లో నాలుగింట మూడొంతుల మంది ఈ ఒక్క బడి తాలూకు వాళ్ళే. అయిదింటిలోనూ విద్యార్థులు తమంతట తాము మొదలుపెట్టింది కూడా ఇదొక్కటే. కోర్టు గది వివరాలు మ్యూజియంలో బాగానే ఉన్నాయి గానీ, లాయర్ల కుటుంబాలకు తప్ప పిల్లలకు అంతగా పట్టవు. అక్కడ పది నిమిషాలు చాలు.

ఇంతకీ కొత్త బడి కట్టారా అంటే, కట్టారు. తీర్పు రాకముందే, 1953లో, ఊరికి దక్షిణాన 8 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొత్త మోటన్ హైస్కూలు లేపారు. వేరుగా ఉన్నా సమానమేనని కోర్టులో చూపించుకోవడానికి. పన్నెండేళ్ళుగా లేవన్న డబ్బులు కేసు పడగానే ఎలా వచ్చాయో ఎవరూ అడగక్కర్లేదు.

ఇప్పుడు, తొందరపడకూడని గదులు. మూడు గంటలు చేతిలో ఉంటే అందులో సగం ఇక్కడ పెట్టండి.

1954లో తీర్పు, 1955లో దాన్ని ‘తగినంత వేగంతో’ అమలు చేయమన్న రెండో తీర్పు. వర్జీనియాలో సెనేటర్ హ్యారీ బర్డ్ నాయకత్వాన దీనికి ‘భారీ ప్రతిఘటన’ అనే విధానం తయారైంది: తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసే బడి ఏదైనా ఉంటే రాష్ట్రమే దాన్ని మూసేస్తుంది. 1958లో నార్‌ఫోక్, షార్లట్స్‌విల్, ఫ్రంట్ రాయల్ ఊళ్ళలో మూశారు కూడా. 1959 జనవరిలో ఆ చట్టాన్ని కోర్టులు కొట్టేశాక అవి తెరుచుకున్నాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఇంకో దారి పట్టింది, చట్టం గొడవే లేని దారి.

ఆ దారి అర్థం కావాలంటే అమెరికా బడికి డబ్బెలా వస్తుందో తెలియాలి. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు చూసి, తర్వాత ఏటా ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి నిట్టూర్చే మనవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బడి నడిపేది స్కూలు బోర్డు, డబ్బిచ్చేది కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు. 1959 జూన్‌లో సూపర్‌వైజర్లు బడ్జెట్‌లో బడుల పద్దుకు పైసా పెట్టలేదు. అంతే. ఎవరినీ నిషేధించలేదు, ఎవరి పేరూ రాయలేదు. డబ్బు లేదు కాబట్టి సెప్టెంబరులో బడులు తెరవలేదు. రేట్లు తగ్గి ఇంటి పన్నూ తగ్గింది. తెల్లపిల్లల కోసం ప్రిన్స్ ఎడ్వర్డ్ అకాడమీ అనే ప్రైవేటు బడి అప్పటికే సిద్ధంగా ఉంది, చర్చిల్లోనూ సంఘ భవనాల్లోనూ తరగతులు మొదలయ్యాయి. 1960లో రాష్ట్రమూ కౌంటీ కలిసి అకాడమీ ఫీజులకు గ్రాంట్లిచ్చాయి. దానికి విరాళమిచ్చినవాళ్ళకి ఇంటి పన్నులో పాతిక శాతం దాకా కౌంటీ మినహాయింపు ఇచ్చింది. 1961లో కోర్టు ఈ గ్రాంట్లను ఆపింది, బడులు మాత్రం మూతపడే ఉన్నాయి.

నల్లజాతి పిల్లలు దాదాపు 1,700 మంది. వాళ్ళేమయ్యారన్నదే ఈ గదుల్లో ఉన్న విషయం. కొందరిని పక్క కౌంటీల్లో మేనత్తల ఇంటికో తాతల ఇంటికో పంపారు. కొందరు అక్కడ ఉంటున్నట్టు చిరునామా చూపించి చేరారు. పెద్ద తరగతుల పిల్లలు అరవై మంది దాకా నార్త్ కరొలైనాలోని కిట్రెల్ కాలేజీకి వెళ్ళారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళ సేవాసంఘం ఇంకొందరిని ఉత్తరాది రాష్ట్రాల్లో ముక్కూ మొహం తెలియని ఇళ్ళలో పెట్టి చదివించింది. ఎక్కడికీ పోలేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసం ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్, ఊరి మహిళలూ చర్చిల నేలమాళిగల్లో శిక్షణ కేంద్రాలు నడిపారు. వాటిని బడులనలేదు, కావాలనే. బడి అంటే కౌంటీ తన బాధ్యత తీరిపోయిందంటుంది.

ఈ గదిలో పిల్లలతో ఒక లెక్క వేయించండి, పలకలన్నీ చదవడం కంటే మేలు. 1959లో ఒకటో తరగతిలో చేరాల్సిన ఆరేళ్ళ పిల్ల, 1963లో మొదటిసారి బడి మెట్లెక్కేసరికి పదేళ్ళది. అప్పుడు ఆరో తరగతి ముగించిన పదకొండు, పన్నెండేళ్ళ కుర్రాడికి పదిహేనో పదహారో. పదో తరగతి వాడికి ఇరవై ఏళ్ళొచ్చేస్తాయి, వాడిక రాడు. 1963 సెప్టెంబరులో కెనెడీ ప్రభుత్వం చొరవతో, ప్రైవేటు విరాళాలతో ‘ఫ్రీ స్కూల్స్’ తెరిచారు, దాదాపు 1,500 మంది చేరారు. న్యూయార్క్ నుంచి సూపరింటెండెంటుగా వచ్చిన నీల్ సల్లివాన్‌కు ఎదురైన చిక్కు ఇదే: పదేళ్ళవాడు పెన్సిలు పట్టుకోవడం నేర్చుకుంటుంటే, అదే వయసువాడు పక్క కౌంటీలో చదివొచ్చి భాగహారాలు చేస్తున్నాడు. తరగతులను వయసును బట్టి విడదీస్తే కుదరదు. అందుకే ఒకటో తరగతి, రెండో తరగతి అన్న గీతలే చెరిపేసి, ఎవరికెంత వచ్చో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. కరోనా రోజుల్లో ఒకటిన్నర ఏడు బడి పోతేనే మన పిల్లల లెక్కల గురించి ఎంత కంగారుపడ్డామో గుర్తు తెచ్చుకుంటే ఈ నాలుగేళ్ళ బరువు తెలుస్తుంది. పైగా వాళ్ళకి జూమ్ లేదు.

1964 మే 25న సుప్రీం కోర్టు, ఈ బడుల మూత మీద నడిచిన గ్రిఫిన్ కేసులో తేల్చేసింది: మిగతా రాష్ట్రమంతా బడులు నడుస్తుండగా ఒక్క కౌంటీ మూసుకోవడం చెల్లదు, అవసరమైతే పన్ను వసూలు చేసి తెరవమని సూపర్‌వైజర్లను ఆదేశించే అధికారం జిల్లా కోర్టుకు ఉంది. ‘తగినంత వేగం’ కాలం చెల్లిపోయిందని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశాడు. ఆ శరత్కాలంలో బడులు తెరుచుకున్నాయి. చేరినవాళ్ళలో దాదాపు అందరూ నల్లపిల్లలే, తెల్లపిల్లలు అకాడమీలోనే ఉండిపోయారు. ఈ ముగింపు చప్పగా ఉందని కొందరంటారు. మ్యూజియం దానికి రంగు పూయకుండా వదిలేయడమే నాకు నచ్చింది.

సమ్మె తర్వాత బార్బరా ఏమైందన్నది చాలామంది బయటికొచ్చాక గూగుల్ చేసే ప్రశ్న. బెదిరింపులకు భయపడి ఇంట్లోవాళ్ళు ఆమెను అలబామాలోని మాంట్‌గోమరీలో తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. ఆయన అక్కడి డెక్స్‌టర్ ఎవెన్యూ చర్చి పాస్టర్. ఆయన తర్వాత ఆ చర్చికి వచ్చినవాడు మార్టిన్ లూథర్ కింగ్. బార్బరా ఫిలడెల్ఫియాలో లైబ్రేరియన్‌గా పనిచేసి 1991లో చనిపోయింది. వాషింగ్టన్ కాపిటల్ భవనంలో వర్జీనియా తరఫున ఉన్న, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ విగ్రహాన్ని 2020 డిసెంబరులో తీసేశారు, ఆ చోటుకు రాష్ట్రం ఎంచుకున్నది ఈమెనే.

పిల్లల విషయం. నాలుగో తరగతి లోపువాళ్ళకి హాలు, సినిమా, షెడ్ల సంగతి చాలు, అరగంట తర్వాత గోల మొదలవుతుంది. ఇక్కడ తాకి ఆడుకునేవి తక్కువ, చదవాల్సింది ఎక్కువ, ఇది సైన్స్ సెంటర్ కాదు. ఆరో తరగతి నుంచి పైవాళ్ళకి బాగా పనికొస్తుంది. వర్జీనియా చరిత్ర పాఠాల్లో భారీ ప్రతిఘటనా, మోటన్ సమ్మే వస్తాయి కాబట్టి ప్రాజెక్టుకీ పనికొస్తుంది. హైస్కూలు పిల్లలని తీసుకెళ్తే మీరు వెనకుండండి. పదహారేళ్ళ పిల్ల వేసిన పథకాన్ని పక్కన నిలబడి తల్లిదండ్రులు వివరిస్తుంటే దాని రుచి పోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట: తెలుగులో ఏమీ ఉండదు, కాబట్టి దారిలోనే కథ చెప్పేయండి. మన ఊళ్ళలో పాక బడిలో చదువుకున్న పెద్దవాళ్ళకి ఆ షెడ్ల సంగతి మనకంటే బాగా తెలుసు. అన్నీ ఒక్క అంతస్తులోనే, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇబ్బంది లేదు.

వేళలు చూసుకోకుండా బయల్దేరడమే ఇక్కడ ఎక్కువగా జరిగే నష్టం. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా, సోమవారం నుంచి శనివారం వరకు తెరిచి ఉంచడం ఇక్కడి అలవాటు. పెద్ద మ్యూజియాలకు వెళ్ళినట్టు పొద్దున్నే పదింటికి దిగితే తలుపు వేసి ఉంటుంది. ఆదివారం వెళ్తే అసలు దక్కదు. వేళలు మారుతుంటాయి గనక వెళ్ళే వారమే వాళ్ళ సైట్ చూసుకోండి. బడి పిల్లల బస్సులు వచ్చే రోజైతే హాలు వాళ్ళకే సరిపోతుంది. పదిమంది పైన గుంపుగా వెళ్తుంటే ముందే ఫోను చేసి చెప్పడం మేలు, చెప్పేవాళ్ళు ఎవరైనా వెంట వస్తే పలకలు చదివే శ్రమ సగం తగ్గుతుంది. ప్రవేశానికి టికెట్ లేదు, విరాళం డబ్బా ఉంటుంది. రిచ్‌మండ్ పిల్లల మ్యూజియానికి నలుగురికి పెట్టేదాంట్లో సగమైనా అందులో వేస్తే తప్పు లేదు.

జీపీఎస్‌లో ఊరి పేరొక్కటే కొడితే రెండు ప్రమాదాలున్నాయి. నార్త్ కరొలైనాలో గ్రీన్‌విల్ పక్కన ఇంకో ఫార్మ్‌విల్ ఉంది. మోటన్ పేరు కొడితే మేరీలాండ్‌లో ఆయన పేరున్న బడి, గ్లౌస్టర్ కౌంటీలో ఆయన కడపటి రోజులు గడిపిన ఇల్లు వచ్చే అవకాశం ఉంది. ‘900 గ్రిఫిన్ బౌలెవార్డ్, ఫార్మ్‌విల్, వర్జీనియా’ అని పూర్తిగా కొట్టండి. రిచ్‌మండ్ వైపు నుంచి 360 రోడ్డు పట్టుకుని బర్క్‌విల్ దగ్గర 460 ఎక్కితే దాదాపు 65 మైళ్ళు, రోడ్డు తిన్నగా ఉంటుంది. ఉత్తర వర్జీనియా వాళ్ళు పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరితే పన్నెండుకు తలుపు తీసే వేళకి చేరతారు. అయితే ఆ పూట తిండి దారిలో కానిచ్చేయండి, లేదా మెయిన్ స్ట్రీట్‌లో ముందే తినండి. లోపలికెళ్ళాక నాలుగింటిదాకా తినడానికేం ఉండదు. శాకాహారులైతే డబ్బాలో పులిహోర, పెరుగన్నం పెట్టుకోవడం ఉత్తమం, కాలేజీ ఊరు కాబట్టి పిజ్జా కైతే లోటు లేదు.

పొద్దున్నే చేరిపోయినవాళ్ళకి తలుపు తీసేదాకా చేసే పని ఉంది. మెయిన్ స్ట్రీట్ మీద నడిస్తే మైలు లోపే ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి, లాయర్లు పిల్లలకు షరతు పెట్టింది ఇందులోనే. 1962 మార్చిలో కింగ్ వచ్చి మాట్లాడిందీ ఇందులోనే. అది మామూలుగా నడుస్తున్న చర్చి, మ్యూజియం కాదు, బయట నుంచి చూసి రావాలి. అదే వీధిలో కౌంటీ కోర్టు భవనం గంట గోపురంలో ఒక దీపం ఉంటుంది. బడులు మూసినందుకు పశ్చాత్తాపంగా 2008లో సూపర్‌వైజర్ల బోర్డే పెట్టించింది. బడ్జెట్‌లో సున్నా రాసిన బోర్డుకు వారసులు వీళ్ళు. పగలు చూస్తే ఆ దీపం అంతగా ఆనదు, సాయంత్రం వెళ్ళేటప్పుడు చూడండి.

రోజంతా ఉంటే హై బ్రిడ్జ్ ట్రెయిల్ కలుపుకోవచ్చు. పాత రైలు పట్టా తీసేసి నడకదారి చేశారు, మొత్తం 31 మైళ్ళు, అది ఊరి నడిమధ్య నుంచే పోతుంది. అసలు వంతెన 2,400 అడుగుల పొడవు, అపొమాటక్స్ నది మీద 125 అడుగుల ఎత్తు. ఊళ్ళోంచి నడిస్తే వంతెనకి నాలుగు మైళ్ళ పైనే, తిరిగి అంతే, పెద్దవాళ్ళతో కుదరదు. క్యాంప్ ప్యారడైజ్ రోడ్డు పార్కింగ్‌కు బండిలో వెళ్తే అక్కణ్ణుంచి మైలు నడక. చిన్న పార్కింగ్ రుసుము కవర్లో పెట్టి డబ్బాలో వేయాలి, చిల్లర ఉంచుకోండి. వరస మాత్రం ఇలా పెట్టుకోండి: పొద్దున్న వంతెన, మధ్యాహ్నం బడి. తిరగేస్తే మ్యూజియం మూసేస్తారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పలకల మీద రాత ఎక్కువ, తేదీలు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి, 1951, 1954, 1959, 1963, 1964 అన్న ఐదు ఏళ్ళు ముందే మనసులో పెట్టుకోనివాళ్ళు మూడో గదికి తికమకపడతారు. అకాడమీకి పిల్లల్ని పంపిన తెల్లకుటుంబాలు ఆ ఐదేళ్ళు ఏమనుకున్నారన్నది ఇంకొంచెం లోతుగా తెలిస్తే బాగుండేది. తక్కువ ఆదాయపు తెల్లవాళ్ళ పిల్లలు కొందరు కూడా బడి లేకుండా ఉండిపోయారన్నది వెతుక్కుని చదవాల్సిన సంగతి. వీటిని మించి చెప్పేంత వెలితి లేదు.

వెళ్ళడానికి మంచి రోజు ఏదంటే ఏప్రిల్ 23 చుట్టుపక్కల. 2018 నుంచి వర్జీనియాలో అది బార్బరా జాన్స్ రోజు. జనం ఉంటారు, హాల్లో చోటు కష్టమవుతుంది. ప్రశాంతంగా చూడాలంటే జూన్, జులైలో వారం మధ్య రోజు. రిచ్‌మండ్‌కు తిరిగొచ్చాక కాపిటల్ ఆవరణలో 2008లో పెట్టిన పౌరహక్కుల స్మారకం ముందు ఐదు నిమిషాలు ఆగండి. మోటన్ పిల్లలను ముందు వైపు నిలబెట్టి, లాయర్లను వెనక వైపు పెట్టారు. సాయంత్రం ఆరు దాటాక అక్కడ వీధి పార్కింగ్ దొరకడం తేలిక.